రంపానికీ రెక్కలకీ చుట్టరికం

మూగచిత్రాల కాలంలో హాలీవుడ్‌లో రెజినాల్డ్ డెన్నీ అనే హాస్యనటుడు ఉండేవాడు. 1891లో ఇంగ్లండులో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పనిచేసి, ఆ తర్వాత అమెరికా చేరి, 1920లలో యూనివర్సల్ సంస్థ చిత్రాలలో కథానాయకుడిగా వెలిగాడు. టాకీలు వచ్చాక, అతని ఇంగ్లీషు యాస కారణంగా కాబోలు, కథానాయక పాత్రలు తగ్గి, మర్యాదస్తుడైన ఆంగ్లేయుడి వేషాలు మిగిలాయి. హిచ్‌కాక్ తీసిన 'రెబెకా' (1940) చూసినవారికి ఎస్టేటు వ్యవహారాలు చూసే ఫ్రాంక్ క్రాలీ గుర్తుండవచ్చు. ఆయనే ఈయన. సినిమా చరిత్రలో డెన్నీకి దక్కే చోటు బహుశా ఒక పేరా. విమానాల చరిత్రలో అతనికి దక్కవలసిన చోటు మాత్రం అంతకంటే చాలా పెద్దది. ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

ఈ టపా నిజానికి డెన్నీ గురించి కాదు. రిమోటుతో ఎగిరే పెద్ద పెద్ద నమూనా యుద్ధవిమానాల గురించి, ముఖ్యంగా వాటి కడుపులో పెట్టే ఇంజన్ల గురించి. పాశ్చాత్య దేశాలలో ఆ అభిరుచిని 'జెయింట్ స్కేల్ వార్‌బర్డ్' అంటారు. రెండో ప్రపంచయుద్ధం నాటి థండర్‌బోల్టు, కోర్సేర్, స్పిట్‌ఫైర్ వంటి విమానాలను అయిదో వంతుకో, నాలుగో వంతుకో కుదించి, అచ్చు అలాగే కట్టి, నేల మీద నిలబడి ఎగురవేస్తారు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది అడుగులు. ఇంత పెద్ద బొమ్మను లేపే ఇంజను ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే డెన్నీ ఎదురయ్యాడు. అతనితో పాటు చెట్లు కోసే మోటారు రంపం ఎదురయింది. వీటి మధ్య చుట్టరికం నేను అనుకున్నదానికంటే దగ్గరిదని తేలింది. కాస్త పొడవైన టపా. ఓపిక పట్టమని మనవి.

1930ల ఆరంభం వరకూ నమూనా విమానాలు ఎక్కువగా మెలితిప్పిన రబ్బరు పట్టీతో ఎగిరేవి. పట్టీ విడివడినంత సేపే ప్రయాణం. ఫిలడెల్ఫియాకు చెందిన బిల్ బ్రౌన్ అనే కుర్రవాడు అరచేతిలో పట్టే పెట్రోలు ఇంజను తయారుచేశాడు. సిలిండరు పరిమాణం 0.6 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 10 సీసీ. అతని మిత్రుడు మాక్స్‌వెల్ బాసెట్ దాన్ని తన నమూనాకు బిగించి 1933 నాటి జాతీయ పోటీలకు తీసుకెళ్ళి, రబ్బరు పట్టీల వారిని చిత్తుగా ఓడించాడు. ఇది అన్యాయమని మిగిలినవారు మొత్తుకోగా ఆ తర్వాత ఇంజను విమానాలకు విడిగా ఒక తరగతి పెట్టారు. 'బ్రౌన్ జూనియర్' పేరుతో ఆ ఇంజను 1934 నుంచి దుకాణాలలో దొరికింది. స్పార్కు ప్లగ్గు, తీగచుట్ట, బ్యాటరీ, కండెన్సరు – మోటారు కారుకు ఉన్న సరంజామా అంతా దానికీ ఉండేది, చిన్న రూపంలో.

ఇంజను దొరికింది కానీ పగ్గం లేదు. ఇంధనం ఉన్నంత సేపూ విమానం గాలి ఎటు తోస్తే అటు పోయేది. యజమాని దాని వెంట కారులో పరుగెత్తేవాడు. ఆ పగ్గం వేసినవారిలో మిషిగన్ రాష్ట్రం కలమజూకు చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ ముఖ్యులు. ఒకరికి విమానాల పిచ్చి, మరొకరికి హామ్ రేడియో పిచ్చి. రెండు పిచ్చులూ ఒకే ఇంట్లో పుట్టడం చరిత్ర చేసుకున్న అదృష్టం. 1937లో వారు ఎగరేసిన 'గఫ్' అనే విమానానికి ఎనిమిది అడుగుల రెక్క, బ్రౌన్ జూనియర్ ఇంజను. అంటే నేటి లెక్కలో అది జెయింట్ స్కేలే. రేడియో పరికరాలు, వాటి బ్యాటరీలు అంత బరువుండేవి కనుక వాటిని మోయడానికి అంత రెక్క కావలసివచ్చింది. అందం కోసం పెంచిన పరిమాణం కాదది. గఫ్ ఇప్పుడు స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉంది.

ఇక డెన్నీ. పొరుగింటి పిల్లవాడి బొమ్మ విమానం సరిచేయబోయి ఇందులో దిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దిగిన తర్వాత మాత్రం పైకి రాలేదు. 1930ల మధ్యలో హాలీవుడ్ బులవార్డులో నమూనా విమానాల దుకాణం తెరిచాడు. వాల్టర్ రైటర్ అనే ఇంజను నిపుణుడు అతనికి తోడయ్యాడు. రైటర్ రూపొందించిన చిన్న ఇంజను 'డెన్నీమైట్' పేరుతో అమ్మకానికి వచ్చింది. పేరులో చమత్కారం గమనించండి. డైనమైటుకు డెన్నీ పేరు తగిలించాడు.

యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి డెన్నీకి ఒక సంగతి తెలుసు. విమానాలను కూల్చే ఫిరంగిదళం వారు అభ్యాసం చేయడానికి ఆ రోజుల్లో ఒక విమానం తన తోక వెనుక పొడవైన తాడు కట్టి గుడ్డగొట్టాన్ని లాక్కుంటూ పోయేది. కింద ఉన్నవారు ఆ గుడ్డకు గురిపెట్టాలి. అది తిన్నగా, నెమ్మదిగా పోతుంది. శత్రువు విమానం అలా పోదు. పైగా ముందు వెళ్ళే విమానంలోని మనిషి ప్రాణం ఎప్పుడూ గాలిలో దీపమే. మనిషి లేని బొమ్మ విమానాన్ని రేడియోతో మలుపులు తిప్పుతూ పంపితే గురి కుదురుతుంది, ప్రాణమూ పోదు. ఇదీ డెన్నీ ఆలోచన.

నిజానికి ఇది బ్రిటిషువారికి అప్పటికే వచ్చిన ఆలోచన. 1935లో వారు 'క్వీన్ బీ' పేరుతో టైగర్ మాత్ జాతి పూర్తి పరిమాణపు విమానాన్నే రేడియోతో నడిపి ఫిరంగులకు ఎరవేశారు. రాణి తేనెటీగ నుంచి మగ తేనెటీగ పుట్టింది. మానవరహిత విమానానికి 'డ్రోన్' అనే పేరు అమెరికా నౌకాదళం వారు క్వీన్ బీకి గౌరవసూచకంగా పెట్టారని చెబుతారు. కానీ పూర్తి పరిమాణపు విమానాన్ని కాల్చి పారెయ్యాలంటే ఖజానా ఒప్పుకోవాలి. డెన్నీ దారి వేరు. అతను బొమ్మల అంగడివాడు. ఖరీదు తగ్గించడం అతనికి వృత్తిరీత్యా అబ్బిన విద్య.

1935 మొదలు ఒకదాని తర్వాత ఒకటిగా నమూనాలు చేస్తూ పోయి, 'ఆర్.పి.-4' అనే నాలుగో దానితో 1940లో సైన్యం నుంచి గుత్త సంపాదించాడు. లాస్ ఏంజిలిస్ శివారు వాన్ నైస్‌లో రేడియోప్లేన్ సంస్థ కర్మాగారం నడిచింది. అక్కడ తయారైన 'ఓక్యూ-2' విమానం కొలతలు చూడండి: రెక్క 12 అడుగుల 3 అంగుళాలు, బరువు 104 పౌండ్లు, వేగం గంటకు 85 మైళ్ళు. ఇంజను రెండు సిలిండర్ల టూ స్ట్రోకు, ఆరు గుర్రపు శక్తులు. దానికి ఒకదాని ముందొకటి రెండు ప్రొపెల్లర్లు, ఒకదానికొకటి ఎదురు దిశలలో తిరిగేవి. ఒకే ప్రొపెల్లరైతే అది ఒక వైపు తిరిగేకొద్దీ విమానం ఒళ్ళు రెండో వైపు మెలితిరగజూస్తుంది. తేలికపాటి విమానానికి ఇది పెద్ద బెడద. తర్వాత వచ్చిన ఓక్యూ-3లో ఈ హంగు తీసేసి ఒకే ప్రొపెల్లరు, ఎనిమిది గుర్రపు శక్తుల ఇంజను పెట్టారు. ఒడిసెల వంటి గుంజుడు యంత్రంతో గాలిలోకి విసిరేవారు. గుండు తగలక బతికి బట్టకట్టినదాన్ని 24 అడుగుల పారాచూటుతో దింపి, దులిపి, మర్నాడు మళ్ళీ ఎగరేసేవారు. యుద్ధం ముగిసేనాటికి దాదాపు పదిహేను వేల విమానాలు తయారయ్యాయి. వాటిలో చాలా వాటి బతుకు తాత్పర్యం కూలిపోవడమే.

ఈ కర్మాగారం గురించి అందరూ చెప్పే ముచ్చట ఒకటుంది. చెప్పకుండా దాటిపోతే చదువరులు క్షమించరు. నార్మా జీన్ డొహర్టీ అనే పంతొమ్మిదేళ్ళ లోపు అమ్మాయి అక్కడ పనిచేసేది. భర్త నౌకల మీద దూరదేశంలో ఉన్నాడు. యుద్ధపరిశ్రమల్లో పనిచేసే స్త్రీల ఫొటోలు తీసుకురమ్మని సైన్యపు చలనచిత్ర విభాగం డేవిడ్ కనోవర్ అనే ఛాయాగ్రాహకుణ్ణి పంపింది. పంపిన అధికారి కెప్టెన్ రోనాల్డ్ రీగన్ అని కనోవర్ తర్వాత రాసుకున్నాడు. ఆ ఫొటోల్లో నార్మా జీన్ చేతిలో డెన్నీ విమానపు ప్రొపెల్లరు ఉంటుంది. ఆమె తర్వాత మార్లిన్ మన్రో అయింది, ఆయన అధ్యక్షుడయ్యాడు. ఈ ముచ్చట ఎన్నిసార్లు చదివినా నా చూపు మాత్రం ఆ ప్రొపెల్లరు మీదికే పోతుంది. చెక్కతో చేసిన ఆ వస్తువును నేటి జెయింట్ స్కేలు ఔత్సాహికుడు చూస్తే తన షెడ్డులో గోడకు తగిలించినదే అనుకుంటాడు.

యుద్ధం ముగిశాక రెండు పాయలుగా చీలింది కథ. ఒక పాయ సైన్యానిది. నార్త్రాప్ సంస్థ 1952లో రేడియోప్లేన్‌ను కొనేసింది. ఆ వంశంలో తర్వాత వచ్చిన 'ఓక్యూ-19' రకాలూ, వాటి బిడ్డలూ డెబ్బై వేల పైచిలుకు తయారయ్యాయి. ఆ ఓక్యూ-19కి ఇంజను ఎవరు చేశారు? మెకల్లక్ సంస్థ. నాలుగు సిలిండర్ల టూ స్ట్రోకు, 72 గుర్రపు శక్తులు. మెకల్లక్ అనగానే అమెరికాలో ఎవరికైనా గుర్తొచ్చేది విమానం కాదు, మోటారు రంపం! 1940ల చివరలో ఒక్క మనిషి మోసుకుపోగల పాతిక పౌండ్ల రంపంతో అడవిపనిలో పేరు మోసిన సంస్థ అది. చెట్టును కూల్చే యంత్రమూ, కూల్చబడే విమానపు యంత్రమూ ఒకే కొలిమిలో పుట్టాయి. ఆ డ్రోను ఇంజను అక్కడితో ఆగలేదు. ఒక మనిషి ఎక్కే గైరోకాప్టర్లకు అది ఇష్టమైన ఇంజను అయింది. జేమ్స్ బాండ్ చిత్రం 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' (1967)లో 'లిటిల్ నెల్లీ' అనే పసుపుపచ్చని బుల్లి గైరోకాప్టరు గిరికీలు కొడుతుంది కదా, వాలిస్ రూపొందించిన ఆ యంత్రం వెనక ఉన్నదీ మెకల్లకే.

రెండో పాయ ఔత్సాహికులది. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును ప్రవేశపెట్టాడు. ప్లాటినం తీగచుట్టను మొదట బ్యాటరీతో ఎర్రగా కాల్చితే చాలు. ఆ తర్వాత మిథనాలు ఇంధనంతో ప్లాటినం జరిపే రసాయనచర్య వల్లా, సిలిండరులోని వేడి వల్లా అది తనంత తానే కణకణలాడుతూ ఉంటుంది. తీగచుట్టా కండెన్సరూ బ్యాటరీ మోతా తప్పాయి. ఇంజను చిన్నదైంది, దానితో విమానమూ చిన్నదైంది. మూడు దశాబ్దాల పాటు 10 సీసీ ఇంజను, ఆరడుగుల లోపు రెక్క – ఇదే ప్రమాణం.

ఆ ప్రమాణంలో యుద్ధవిమానం కట్టినవారికి ఒక అసంతృప్తి మిగిలేది. చూడ్డానికి థండర్‌బోల్టే, ఎగిరితే కందిరీగ. గాలి కాస్త విసిరితే పీటలాడుతుంది. దీనికి కారణం ఊహ కాదు, లెక్క. అయిదో వంతు కుదింపులో నిడివి అయిదో వంతు, రెక్క వైశాల్యం 25వ వంతు, ఘనపరిమాణం 125వ వంతు అవుతాయి. కదలికల వేగం మాత్రం అయిదుకు వర్గమూలం చొప్పున, అంటే రెండుంబావు రెట్ల తేడాతో ఉండాలి, కంటికి నిజమనిపించాలంటే. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ అది సహజంగా చేసే మలుపులూ కుదుపులూ మరింత చురుకవుతాయి. ఎంత నేర్పుగా తిప్పినా ఏనుగు నడకను ఎలుక అభినయించలేదు. పరిమాణం పెంచడమొక్కటే మందు.

పెంచుదాం. అసలు థండర్‌బోల్టు రెక్క 40 అడుగుల 9 అంగుళాలు. అయిదో వంతు అంటే 98 అంగుళాలు, రెండున్నర మీటర్లు. అసలుది ఆరున్నర టన్నులు తూగేది. 125తో భాగిస్తే 50 కిలోలు దాటుతుంది. కానీ బాల్సా చెక్కతో కట్టిన నమూనా 14 కిలోల దగ్గర నిలుస్తుంది. కనుక చదరపు మీటరు రెక్క మోసే బరువు అసలుదానిలో 236 కిలోలుండగా నమూనాలో 13 కిలోల లోపే. పద్దెనిమిది రెట్ల తేడా. దాని వర్గమూలం నాలుగు పైన. అంటే అసలు విమానం గంటకు 160 కిలోమీటర్ల దగ్గర నేల దిగుతుంటే, ఇది 40 లోపు వేగంతోనూ గాలిలో నిలవగలదు. ఇలా లెక్క వేస్తే పెద్ద నమూనాయే నిదానస్తురాలు. కొత్తవారు దీన్ని చూసి భయపడతారు కానీ, భయపడవలసింది చిన్నవాటిని చూసి.

మరి ఇంజను? ఇక్కడే 10 సీసీ గ్లో ఇంజను చేతులెత్తేస్తుంది. దానికి 12 అంగుళాల ప్రొపెల్లరు తగును. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగితేనే అది బలం చూపుతుంది. థండర్‌బోల్టు ముక్కులో ఉన్నది 18 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800, రెండు వేల గుర్రపు శక్తులది, వ్యాసం 52 అంగుళాల పైన. అయిదో వంతు నమూనాలో ఆ ముక్కు తొడుగు 11 అంగుళాల వెడల్పు వస్తుంది. దాని ముందు 12 అంగుళాల ప్రొపెల్లరు పెడితే అది విసిరే గాలి అంతా తొడుగుకే కొట్టుకుంటుంది. గోడకు ఎదురుగా పంఖా పెట్టినట్లు. కావలసింది 20 అంగుళాలు దాటిన ప్రొపెల్లరును ఆరేడు వేల చుట్ల దగ్గర నిదానంగా, బలంగా తిప్పే ఇంజను. అది నమూనాల దుకాణంలో లేదు. అడవిపనివాడి భుజం మీద ఉంది.

1970ల చివరలో కెనడా నుంచి వచ్చిన 35 సీసీ 'క్వాడ్రా' ఈ తలుపు తెరిచిన ఇంజన్లలో ఒకటి. ఆ తర్వాత జపానుకు చెందిన జెనోవా సంస్థ 38 సీసీ, 62 సీసీ ఇంజన్లు వార్‌బర్డ్ కట్టేవారి పాలిట వరమయ్యాయి. 1980లో అంతర్జాతీయ మినియేచర్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏర్పడి ఒంటిరెక్క విమానానికి కనీసం 80 అంగుళాలు, జంటరెక్కల విమానానికి 60 అంగుళాలు ఉంటేనే జెయింట్ అని నిర్ణయించింది.

రంపపు ఇంజను విమానానికి ఇంతగా ఎందుకు కుదిరింది? శక్తి ఒక్కటే కారణమైతే పచ్చిక కోసే యంత్రపు ఇంజను కూడా కుదరాలి కదా. కుదరదు. దాని కార్బురేటరులో గిన్నె ఉంటుంది, గిన్నెలో పెట్రోలు మీద తేలే బుడ్డి ఉంటుంది. నిటారుగా ఉన్నంత వరకే అది పనిచేస్తుంది, తలకిందులైతే పెట్రోలు ఒలికి ఇంజను ఆగిపోతుంది. తొలినాటి మోటారు రంపాలకూ ఇదే జబ్బు. నిలువు చెట్టును అడ్డంగా కోయాలి, పడిన చెట్టు కొమ్మలను పైనుంచీ కిందనుంచీ కోయాలి. రంపం ఏ కోణంలో పట్టుకున్నా ఇంజను తిరగాలి. దానికోసం గిన్నెనే తీసేసి, ఒక పలుచని పొరను పెట్టారు. ఇంజను అడుగు పెట్టెలో పిస్టను కదలికతో పుట్టే ఒత్తిడి లయకు మరో పొర నాడిలా కొట్టుకుంటూ పెట్రోలును తనే తోడుకుంటుంది. పైకీ కిందికీ తేడా తెలియని కార్బురేటరు అది. చెట్టెక్కి కోసేవాడి కోసం చేసిన ఈ ఏర్పాటు, గాలిలో పిల్లిమొగ్గలు వేసే విమానానికి అడక్కుండా దొరికిన వరం. ట్యాంకును ఇంజను పక్కనే పెట్టాలన్న నియమమూ పోయింది. ఎక్కడ పెట్టినా తోడుకుంటుంది.

రెండో వరం మాగ్నెటో. చక్రంలో అయస్కాంతం ఉంటుంది, అది తీగచుట్టను దాటినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. కానీ వరం వెనకే శాపం. ఆ నిప్పురవ్వే చిన్న రేడియో ప్రసారకేంద్రం. అమెరికాలో నమూనా విమానాల రేడియోలు 72 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచిన రోజుల్లో, ఈ చిటపట రేడియో ఆజ్ఞతో కలగలిసి విమానం చెప్పినమాట వినేది కాదు. నిరోధకం ఉన్న ప్లగ్గు, లోహపు అల్లిక కప్పిన తీగ, రేడియోను ఇంజనుకు వీలైనంత దూరంగా తోక వైపు పెట్టడం, లోహం లోహానికి తగిలి గీచుకోకుండా మధ్యలో ప్లాస్టిక్కు ముక్క – ఇన్ని జాగ్రత్తలు. 2000ల మధ్య నుంచి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఈ బాధ చాలావరకు పోయింది.

ఒంటి సిలిండరు కనుక అదురు ఎక్కువ. అదురుకు మరలు ఊడతాయి, తీగలు తెగుతాయి. మరలకు జిగురు వేయడం, కింద రబ్బరు దిమ్మలు పెట్టడం ఈ విద్యలో ఓనమాలు. చల్లబరచడం ఇంకో కథ. రంపంలోని ఫ్యాను తీసేస్తారు కనుక ముందునుంచి వచ్చే గాలే దిక్కు. అయితే ఇంత పెద్ద ముక్కు తొడుగు నోటిలోకి వచ్చిన గాలి దారి సులువుగా ఉన్న వైపు పోతుంది, వేడి సిలిండరు దగ్గరికి పోదు. అందుకని సిలిండరు రెక్కల ముందు తప్ప మిగతా నోరంతా పలుచని చెక్కతో మూసేస్తారు. వెనక బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికంటే పెద్దదిగా ఉంచుతారు. బయటి నుంచి చూసేవారికి కనబడేది ప్లాస్టిక్కుతో చేసిన 18 సిలిండర్ల బొమ్మ ఇంజను. దాని మాటున ఒక మూల అసలు సిలిండరు ఒక్కటి ఉంటుంది.

అసలు థండర్‌బోల్టు ప్రొపెల్లరు 13 అడుగులది, నాలుగు రెక్కలది. నమూనాకు 31 అంగుళాలు రావాలి. 62 సీసీ ఇంజను అంత తిప్పలేదు. అందుకని పోటీలలో న్యాయనిర్ణేతలు నేల మీద పరిశీలించేటప్పుడు నాలుగు రెక్కలది బిగిస్తారు, ఎగరబోయే ముందు అది విప్పి 22 అంగుళాల రెండు రెక్కలది బిగిస్తారు. పెళ్ళిచూపులకు ఒక పట్టుచీర, వంటింట్లోకి వేరొక నూలుచీర. ఈ రాజీ నచ్చనివారు హంగేరీలో తయారయ్యే మోకి వంటి అయిదు సిలిండర్ల నిజమైన నక్షత్రపు ఇంజన్లు కొంటారు. 250 సీసీ దాకా ఉంటాయి, ధర కూడా అదే స్థాయిలో. ఆ శబ్దం మాత్రం వేరు. రంపపు ఇంజను ఎంత బాగా ఎగరేసినా వినబడేది రంపమే.

బరువు సంగతి ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. థండర్‌బోల్టు వంటి గుండ్రని ముక్కు విమానాలకు ముక్కు పొట్టి. విమానం తూకం రెక్క ముందంచు నుంచి రెక్క వెడల్పులో పావు, మహా అయితే మూడో వంతు దగ్గర కుదరాలి. తేలికైన ఇంజను పెడితే తోక బరువై, ముక్కులో సీసం పోయవలసి వచ్చేది. రంపపు ఇంజను రెండు కిలోల పైన తూగుతుంది. మోయలేని బరువని మొదట్లో పెదవి విరిచిన ఆ బరువే ఇక్కడ సీసం స్థానంలో కూర్చుంది. అది సీసంలా ఊరికే కూర్చోకుండా పని కూడా చేస్తుంది.

కట్టడంలో చెక్కదీ ఒక చరిత్ర ఉంది. బాల్సా ఈక్వడార్ అడవుల చెట్టు. రెండో యుద్ధంలో బ్రిటిషు మస్కిటో బాంబరు ఒళ్ళంతా బర్చి చెక్క పలకల మధ్య బాల్సాను ఇరికించి చేసినదే. వడ్రంగుల చేతి యుద్ధవిమానం అది. నేటి నమూనా కట్టేవాడు అదే చెక్కతో అడ్డుపలకలూ నిలువుబద్దలూ పేర్చి, పలుచని రేకులు అతికించి, పైన గాజునూలు గుడ్డ ఎపాక్సీతో తాపడం చేసి, మేకుల తలలను జిగురుచుక్కలతో వేలకొద్దీ పెడతాడు. రెండు మూడేళ్ళ పని. ఎందుకింత శ్రమ అంటే, అతని తండ్రో తాతో అలాంటి దాని నీడన పనిచేసి ఉంటాడు. అసలు విమానాలు యుద్ధం కాగానే తుక్కుకింద కరిగిపోయాయి.

మన వైపు నుంచి చూస్తే ఈ మమకారం అంత సులువుగా అంటదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా జిల్లాల పెద్దవారి జ్ఞాపకాలలో యుద్ధవిమానమంటే సైరను, ఊరు విడిచిన బండ్లు. ఆ జపానువారి మీదికి తర్వాత బర్మా రంగంలో వెళ్ళినవాటిలో బ్రిటిషువారి థండర్‌బోల్టులు ఉన్నాయి. కానీ వాటి నమూనా కట్టుకునే కోరిక మనవాళ్ళలో పెద్దగా పుట్టినట్టు లేదు. కోరిక పుట్టినా రెండున్నర మీటర్ల విమానానికి కావలసిన మైదానం, షెడ్డు, ఖర్చు, అనుమతి – ఇవన్నీ కూడిరావడం కష్టమే. డెన్నీ వంశపు ఆలోచన మాత్రం మన దగ్గరికీ వచ్చింది. బెంగుళూరు రక్షణ పరిశోధకులు రూపొందించిన 'లక్ష్య' గురివిమానం, హెచ్.ఎ.ఎల్. వారి చిన్న జెట్ ఇంజనుతో, 2000లో వాయుసేన చేతికి వచ్చింది. కూలకుండా మిగిలితే పారాచూటుతో దిగుతుంది. మన బాపట్ల పక్కన సూర్యలంక తీరంలో వాయుసేన క్షిపణుల అభ్యాసం జరుపుతుంది. సముద్రస్నానానికి వెళ్ళేవారికి అక్కడ ఆకాశంలోకి చూడడానికి ఇంకో కారణం ఉందన్నమాట.

బొమ్మ నుంచి ఆయుధం, ఆయుధం నుంచి మళ్ళీ బొమ్మ. ఇక్కడితో చక్రం పూర్తయిందని కొన్నేళ్ళ క్రితం వరకూ ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఉక్రెయిన్ మీద జరుగుతున్న యుద్ధంలో రష్యా వాడే 'ఓర్లాన్-10' అనే నిఘా విమానాన్ని కూల్చి విప్పి చూసినప్పుడు లోపల కనబడిన ఇంజను జపానుకు చెందిన సైటో సంస్థది. సైటో నమూనా విమానాల ఇంజన్లకు పేరుపడ్డ సంస్థ. సైన్యాలకు కాదు, ఔత్సాహికులకు అమ్మడానికి చేసిన 40 సీసీ పెట్రోలు ఇంజను అది. ఆదివారం ఉదయం మైదానంలో బుల్లి విమానం ఎగరేసుకునేవాడి కోసం. 2022లో ఉక్రెయిన్ సైనికులు ఒకదాన్ని కెమెరా ముందే విప్పి చూపారు. ఫొటోలు తీసేందుకు బజారులో దొరికే కానన్ కెమెరా, ఇంధనపు ట్యాంకుకు మంచినీళ్ళ సీసా మూతలాంటి ప్లాస్టిక్కు మూత.

అది తీసిన ఫొటోలను బట్టి ఫిరంగులు గురి సరిచేసుకుంటాయి. డెన్నీ బొమ్మ ఫిరంగికి గురి అయితే ఇది ఫిరంగికి కన్ను. ఓర్లాన్-10 రెక్క మూడు మీటర్ల పైచిలుకు, బరువు పదిహేను కిలోల ప్రాంతం. అయిదో వంతు థండర్‌బోల్టు కట్టినవాడి షెడ్డులో ఇబ్బంది లేకుండా పట్టే కొలతలు. దాన్ని ఒడిసెల వంటి గుంజుడు యంత్రంతో గాలిలోకి విసురుతారు. పని ముగించుకుని తిరిగి వస్తే పారాచూటు విప్పి దింపుతారు, దులుపుతారు, మర్నాడు మళ్ళీ ఎగరేస్తారు.